అమెరికా పెద్దమ్మ

సీడీ ప్లేయర్ చెడిపోయిందనుకున్నాను. ఆ మధ్యాహ్నం వేరే పని మీద అబిడ్స్ వెళ్ళి, ఒక పాత పాటల దుకాణంలో కింది అరలో దుమ్ము కొట్టుకుపోయి ఉన్న సీడీ అట్ట మీద పేరు చూసి నిలబడిపోయాను. చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఇంగ్లీషు క్యాసెట్ మీద నీలిసిరాతో రాసి ఉన్న పేరు అది. అమెరికాలో జాజ్ పాటలు పాడిన నల్లజాతి గాయని. ఆమె ఎంత గొప్పదో నేను ఉద్యోగంలో చేరాక పేపర్లో చదివితే గాని తెలియలేదు. ఆ పేరు ఇక్కడ రాయను. జాజ్ వినేవాళ్ళు ఎలాగూ ఊహించుకుంటారు, విననివాళ్ళకు మా సుగుణత్త పెట్టిన పేరు చాలు. సుగుణత్త మా నాయన చెల్లెలు. ఆమె ఆ గొంతుకు పెట్టిన పేరు పెద్దమ్మ. ఇంట్లో ఉన్న పెద్దమ్మలతో కలిసిపోకుండా మేం పిల్లలం ముందు అమెరికా తగిలించుకున్నాం.

పటాన్‌చెరులో మేం అద్దెకున్న ఇంటికి వచ్చి, చెప్పులు విప్పీ విప్పకుండానే ఆ సీడీ పెట్టాను. పెద్దమ్మ పాడలేదు. ఎవరో చిన్నపిల్ల పాడింది. గలగలమని, తొందర తొందరగా, పక్కింటి గోడ మీద కూర్చుని ఎవరినో ఆటపట్టిస్తున్నట్టు. ప్లేయర్ వేగంగా తిరుగుతోందేమోనని తీసేసి, మా ఆయన తెచ్చుకున్న పాత తెలుగు పాటల సీడీ పెట్టి చూశాను. అది సరిగ్గానే పాడింది. మళ్ళీ ఇది పెట్టాను. మళ్ళీ ఆ పిల్లే. పాటలు మాత్రం మా క్యాసెట్‌లోవే. అవే మాటలు, అదే వరస. మూడో పాట మధ్యలో పెద్దమ్మ ఒకచోట వెక్కేది. మాట సగంలో గొంతు పట్టేసి, ఒక పెద్ద వెక్కు వచ్చి, తరువాత మెల్లగా తేరుకునేది. అక్కడికి రాగానే ఊపిరి బిగబట్టుకున్నాను. ఆ పిల్ల నవ్వింది. వాయించేవాళ్ళలో ఎవరో ఏదో చిలిపి పని చేసినట్టు, ఆపుకుందామన్నా ఆగక ఫక్కున నవ్వి, నవ్వుతూనే పాట అందుకుంది. నేను మంచం అంచు మీద కూలబడిపోయాను.

అట్టలో ఉన్న చిన్న పుస్తకం తిరగేశాను. అవి ఆమె మొట్టమొదటి రికార్డులట. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు నిండీ నిండలేదట. కష్టాలన్నీ తరువాత వచ్చాయట, చివరి రోజుల్లో గొంతు నిజంగానే బొంగురుపోయి బరువెక్కిందట. కానీ మా ఇంట్లో ఉన్నవి ఆ చివరి పాటలు కావు, ఇవే. లోపల ఒక ఫొటో ఉంది. మైకు ముందు తల వెనక్కి వాల్చి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్న పిల్ల. నేను కాలేజీలో పాఠాలు చెప్పే ఇంటర్ ఆడపిల్లల పక్కన నిలబెడితే వాళ్ళలో కలిసిపోయేలా ఉంది.

నేను ఎందుకంతగా అదిరిపోయానో చెప్పాలంటే పోతిరెడ్డిపల్లిలో మా ఇంటి సాయంత్రాలు చెప్పాలి. అప్పుడది సంగారెడ్డికి ఆనుకుని ఉన్న పల్లె. మాకు కొంత భూమి ఉండేది. మా నాయన దాన్ని పాలుకిచ్చి పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. ఆయన అంగీలకు ఒక వాసన ఉండేది. ఎన్నిసార్లు ఉతికినా పోని, ముక్కులోకి సూదిలా దిగే వాసన. వాటిని వేరే బకెట్లో నానబెట్టేవాళ్ళు. ఆయన రెండో షిఫ్టుకు పోతే ఇంట్లో మగ అలికిడి ఉండదు కాబట్టి, మా నాయనమ్మ దీపాల వేళకు స్నానం చేసి, కొంగున చుట్టలు ముడేసుకుని, ఎదురింటి గుమ్మం పక్క గద్దె మీదికి చేరేది. అక్కడ ముసలివాళ్ళంతా కలిసి చుట్టలు కాలుస్తూ ఊళ్ళో ఒక్కొక్కరిని మాటల్లోనే పిలిచి విచారించి పంపేవాళ్ళు. మా అమ్మ బర్రెల దగ్గర. సుగుణత్త పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు చేసేది. రొట్టె చరిచే చప్పుడు, పెనం మీద తడిబట్టతో అద్దినప్పుడు లేచే ఆవిరి, కాలిన జొన్నపిండి వాసన, ఇవే నాకు సాయంత్రం అంటే.

ఆ వేళకు కరెంటు సరిగా ఉండేది కాదు. ఒక పక్క ఫ్యాక్టరీలు, ఇంకో పక్క బావుల దగ్గర మోటార్లు, అన్నీ గుంజుకోగా మిగిలింది మా ఇళ్ళకు వచ్చేది. బల్బు లోపలి తీగ మాత్రం ఎర్రగా కనిపించేది, వెలుతురు దాని చుట్టూనే ఉండేది. మా నాయన తోటి పనివాడొకడు ఊరు వదిలి వెళ్తూ అమ్మేసిన టేప్‌రికార్డర్ మా ఇంట్లో ఉండేది. ఆ వేళప్పుడు దాంట్లో సినిమా పాట పెడితే సాగేది. హీరోయిన్ మగగొంతుతో మూలిగేది. మా నాయన ఇంట్లో ఉంటే, "సాగుతున్నది, బంద్ జెయ్యి, క్యాసెట్ ఖరాబైతది" అని కేకేసేవాడు. సెల్లులు వేసినా అంతే. కొత్త సెల్లులు ఆయన క్రికెట్ కామెంటరీ కోసం దాచుకునేవాడు. మాకు మిగిలేవి ప్రాణం పోయినవి. వాటిని గోడ మీద ఎండలో పెడితే కాస్త లేచి కూర్చునేవి, మళ్ళీ పడిపోయేవి. అందుకని సినిమా పాటలన్నీ పొద్దున్నే, కరెంటు నిండుగా ఉన్నప్పుడు పెట్టుకునేవాళ్ళం. పాట సాగుతోందని మాకెలా తెలిసేది? రేడియోలో విన్నాం కనుక. ముందు వినని పాట సాగితే సాగిందని ఎవరికి తెలుస్తుంది? ఇంత చిన్న సంగతి నాకు ముప్పై ఏళ్ళు దాటాక, మంచం అంచు మీద కూలబడితే గాని తట్టలేదు.

ఆ క్యాసెట్ మా ఇంటికి వచ్చిన దారి కూడా చెబుతాను. మా ముందు గదుల్లో మూర్తిగారు, కామేశ్వరిగారు అని కోస్తా నుంచి వచ్చినవాళ్ళు కిరాయికి ఉండేవాళ్ళు. ఆయనకు ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగం. క్వార్టర్ దొరికి సామాను సర్దుకుంటున్న రోజున కామేశ్వరిగారు సుగుణత్తను పిలిచి, పచ్చడి జాడీ ఒకటి, ఆ క్యాసెట్టు ఒకటి చేతిలో పెట్టింది.

"మిషన్లు బిగించడానికొచ్చిన ఫారిన్ ఇంజనీరు ఇచ్చాడంటమ్మా. మా ఆయన మొహమాటానికి పుచ్చుకొచ్చారు. మాకు ఇంగ్లీషు పాటలెందుకు? ఒక్కసారి పెట్టిన పాపాన పోలేదు. సుప్రభాతం ఎక్కిద్దామనుకున్నా గానీ తీరింది కాదు. నువ్వుంచుకో, నీక్కావలసిందేదో ఎక్కించుకో" అంది.

అప్పటికి సుగుణత్త మా ఇంటికి తిరిగొచ్చి ఎన్నాళ్ళో కాలేదు. ఆమెను బొంతపల్లికి ఇచ్చారు. పెళ్ళయి పట్టుమని ఏడాది కాకముందే ఆమె భర్త, మా మామ, కంపెనీ బస్సు దిగి రోడ్డు దాటుతుంటే లారీ కొట్టేసింది. నుదుటి బొట్టు, చేతి గాజులు అక్కడే వదిలేసి మా నాయన వెంట వచ్చింది. నా కళ్ళకు ఆమె అప్పటికే పెద్దావిడ. బొట్టు లేని నుదురు చూస్తే వయసు తెలియదు. శుభకార్యాలకు వెళ్ళదు, పూలవాళ్ళు వస్తే లోపలికి వెళ్ళిపోతుంది, పగలంతా ఏదో ఒక పని తనే వెతుక్కుని చేస్తుంది. పాటలు వినడానికి ఆమెకు ఉన్నదల్లా రొట్టెలు చేసే ఆ సాయంత్రమే. పొద్దున నలుగురి ముందు పాటలు పెట్టుకుంటే అనేవాళ్ళు అంటారు కదా.

మొదటిసారి ఆ క్యాసెట్ పెట్టింది నేనే. ముందు బుసబుస. తరువాత మా సన్నాయి లాంటిదొకటి ఊరి బయట ఎవరినో సాగనంపుతున్నట్టు మూలిగింది. దాని వెనక లావుపాటి తీగ ఏదో బరువుగా అడుగులేసింది. అప్పుడు ఆ గొంతు వచ్చింది. ముసలి గొంతు. లోపలి నుంచి తోడుకుంటూ, ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఆయాసపడుతూ, అలిసిపోయి, అయినా ఆపకుండా. సుగుణత్త చెయ్యి రొట్టె మీద ఆగిపోయింది.

"ఈమెకు ఎవ్వలో పోయిన్రు" అంది.

"నీకెట్ల తెలుసత్తా? ఇంగ్లీషు గద."

"ఏడ్పుకు ఇంగ్లీషేంది, తెలుగేంది."

రొట్టె మాడిన వాసన వచ్చేదాకా ఇద్దరం కదల్లేదు. ఇంకో సాయంత్రం అగ్గిపెట్టె కోసం ఇంట్లోకి వచ్చిన మా నాయనమ్మ గుమ్మంలోనే ఆగి, "ఎవలింట్ల చావే ఇది?" అని బెదిరిపోయింది. టేప్‌రికార్డర్ చూపించాక స్తంభానికి ఆనుకుని, చుట్ట వెలిగించకుండానే పాటంతా విన్నది. చావింట్లో ఎవరెలా శోకం పెడతారో నాణ్యం చూసే విద్యలో మా నాయనమ్మను మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఎవరిది దొంగ ఏడుపో గడపలోనే చెప్పేసేది. "మంచిగ ఏడుస్తున్నది" అని తీర్పు చెప్పింది. "మా అక్క గిట్లనే ఏడుస్తుండె. కడుపుల కెళ్ళి." ఇంక అనుమానం ఎవరికుంటుంది? ఆ రోజు నుంచి ఆ గొంతు పెద్దమ్మ అయిపోయింది. మూడో పాటలో ఆ వెక్కు దగ్గరికి వచ్చినప్పుడల్లా సుగుణత్త పిండి చేతులు అలాగే గాలిలో ఆపి, అది దాటాక, తను కూడా తేరుకున్నట్టు నిట్టూర్చి మళ్ళీ రొట్టె చరిచేది.

తరువాతి ఏడాది కాబోలు, జోగిపేట నుంచి సంబంధం వచ్చింది. అక్కడ ఆఫీసులో గుమస్తా, భార్య కాన్పులో పోయింది, పిల్లల్లేరు. మారుమనువు మాలో తప్పేమీ కాదు, కాకపోతే అందరూ చేయరు. మా నాయనమ్మే ముందు ఒప్పుకుంది. నాయన సరేసరి, ఆ మనిషిని చూసి వచ్చి, నెమ్మదస్తుడని తెగ సంబరపడ్డాడు. సుగుణత్తను నడింట్లో కూర్చోబెట్టి అడిగారు. నేను తలుపు వెనకాల ఉన్నాను.

"పెద్దమ్మ మోసినట్టు నేను గూడ మోస్త. మల్ల పీటల మీద కూసోను" అంది.

ఏ పెద్దమ్మ అని నాయన తెల్లమొహం వేశాడు. మోస్తూ ఉన్న పెద్దమ్మలు మాలో ఒకరిద్దరు కాదు మరి. నాకు మాత్రం తెలిసింది. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర నాతో అంది. "సూడు పద్మా, ఎంత ముసల్దైంది. ఇంక మర్సిపోలే. ఇన్నేండ్లైనా గొంతుల గా మనిషే ఉన్నడు. నేనెట్ల మర్సిపోత? మర్సిపోతె నేనేం మనిషిని?" జోగిపేట వాళ్ళు ఇంకోసారి కబురు పెట్టి చూసి, వేరే చోట చేసుకున్నారు. ఆ గుమస్తా తరువాత ఇద్దరు పిల్లలతో సంగారెడ్డి సంతలో ఒకసారి కనిపించాడు. పిల్లను భుజం మీద ఎక్కించుకుని జామకాయలు బేరమాడుతున్నాడు. సుగుణత్త అటు ఒకసారి చూసి, సంచీ చంకలోకి సర్దుకుని నడిచింది.

ఇదీ సంగతి. ఇప్పుడు ఆ సీడీ నా ఒళ్ళో ఉంది. మా ఊరి కరెంటు ఒక నవ్వును వెక్కుగా మార్చింది, ఆ వెక్కును నమ్ముకుని ఒక మనిషి తన బతుకును తీర్మానించుకుంది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీద అంటే ఏం చెప్పను, కరెంటు వాళ్ళ మీదా, మోటార్ల మీదా? మా ఆయనకు చెబితే, "ఆమె ఎట్లాగూ చేసుకోకపోయేది, క్యాసెట్ ఒక సాకు" అన్నాడు. కావచ్చు. నేనూ అలా అనుకుని పడుకోవాలని చూశాను. కానీ సాకుకైనా ఒక బలం ఉంటుంది కదా.

సుగుణత్తకు చెప్పాలా వద్దా అని చాలా రోజులు నలిగాను. ఈలోగా ఆ పాటలు వింటూనే ఉన్నాను. వినేకొద్దీ మనసు పారేసుకున్నాను, అదొక చిత్రం. ఆ పిల్ల తాళానికి సరిగ్గా అందదు. తాళం ముందుకు పోతుంటే తను దారిలో ఏదో చూస్తూ వెనకబడినట్టు వెనకబడి, ఇక తప్పిపోయింది అనుకునే లోపల ఒక్క గెంతులో వచ్చి చేయి పట్టుకుంటుంది. ఊరి బయట మూలిగిందనుకున్న ఆ సన్నాయి నిజానికి ఆమెతో మాటకు మాట అంటోంది. ఆమె ఒకటంటే అది రెండంటుంది. ప్రతి పాటా చిన్నదే, చెప్పాల్సింది చెప్పేసి లేచిపోతుంది. ఇంత సంతోషాన్ని మేం ఇన్నేళ్ళు ఇంట్లో పెట్టుకుని శోకంగా విన్నామా అని ఒళ్ళు జలదరించేది. మరీ దారుణమేమిటంటే, ఆ శోకం కూడా నాకు బాగానే ఉండేది. పెద్దమ్మ అంటూ ఎవరూ లేరు అంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. చనిపోయిందని విన్నట్టే అనిపించింది.

చివరికి ఒక ఆదివారం చిన్న సీడీ ప్లేయర్ పట్టుకుని పోతిరెడ్డిపల్లి వెళ్ళాను. మా ఇంటి చుట్టూ అప్పటికే మూడంతస్తుల ఇళ్ళు లేచాయి. జొన్నరొట్టెల పొయ్యి పోయి గ్యాసు వచ్చింది, కరెంటు బల్బు కళ్ళు చెదిరేలా వెలుగుతోంది. నాయనమ్మ లేదు, ఎదురింటి గద్దె కూడా లేదు. సుగుణత్త జుట్టు నెరవడం మొదలైంది. గొంతు మాత్రం గట్టిపడింది, ఇంటి పెత్తనమంతా ఆమెదే, మా నాయన కూడా ఆమెను అడగందే సంతకు పోడు. నన్ను చూడగానే, "ఏంది బిడ్డా, ఫోన్ చెయ్యకుంట వచ్చినవ్? జెర ముందుగాల చెప్తే నాటుకోడి పట్టకపోదునా" అని కేకలేసింది.

అన్నం తిన్నాక చెప్పాను. దాచకుండా, మా సినిమా పాటలు ఎలా సాగేవో, పెద్దమ్మ క్యాసెట్టూ అలాగే సాగిందని, ఆమె ముసలిది కాదని, చిన్నపిల్లని. సుగుణత్త వక్క నములుతూ విన్నది. నమ్మినట్టు లేదు. "ఏదీ, పెట్టు" అంది.

పెట్టాను. మొదటి పాటకు ఆమె మొహం చిట్లించింది, ఎవరో తెలియనివాళ్ళు ఇంట్లోకి వచ్చినట్టు. రెండో పాటకు వక్క నమలడం ఆపింది. మూడో పాటలో ఆ చోటు వచ్చింది. ఆ పిల్ల నవ్వింది. సుగుణత్త చేతులు అలవాటుగా ఒళ్ళోంచి లేచి గాలిలో ఆగిపోయాయి, కానీ ఎందుకు ఆగాయో వాటికే తెలియనట్టు అలాగే ఉండిపోయాయి. నేను ప్లేయర్ ఆపబోయాను. వద్దని తల ఊపింది. పాట అయిపోయింది.

"ఏమంటున్నదే ఆ పాటల?" అని అడిగింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

"ఆలస్యంగ వచ్చిన పిలగాన్ని ఆటపట్టిస్తున్నదత్తా. తలుపు తియ్య పో అంటున్నది. తీసేటట్టే ఉన్నది."

"ఎన్నేండ్లుంటయి పొల్లకు?"

"ఇరవై. ఇంక తక్కువనేమో."

"నాకూ గంతే ఉండె" అంది.

నాకు చప్పున లెక్క తెలిసింది. నా చిన్నతనమంతా పెద్దావిడగా చూసిన మనిషి, పొయ్యి ముందు ఒంగి కూర్చుని నిట్టూర్చిన మా అత్త, అప్పుడు నా క్లాసులో వెనక బెంచీలో కూర్చుని గుసగుసలాడే పిల్లల కన్నా రెండు మూడేళ్ళే పెద్దది. జోగిపేట సంబంధం గురించి ఏదో చెప్పబోయాను, క్షమించమనో, ఇంకేదో. ఆమె వినలేదు. ఆమె చూపు ప్లేయర్ మీదే ఉంది.

"నేను వచ్చిన్నంటే మీరందరు నవ్వుడు బంద్ జేస్తుండిరి" అంది, నెమ్మదిగా. "మీ నాయిన, మీ అమ్మ, పిల్లలు మీరు గూడ. వాకిట్ల నవ్వులు ఇనబడితె వస్తుంటి, నన్ను సూడంగనే అందరు సప్పుడు చెయ్యకపోదురు. నా ముందట నవ్వుకుంట ఉన్నది ఈ పొల్ల ఒక్కతేనే. గదాన్ని నేను ఏడుపనుకుంటి."